సెలవు పెట్టి కాశీకి వెళ్లిన ఉద్యోగి: ఏనుగుల వీరాస్వామయ్యగారు

మన సంఘ సభ్యులలో కాశీ చూడనివారు ఇప్పుడు తక్కువే. 2023 ఏప్రిల్ 22 నుంచి మే 3 వరకు జరిగిన గంగా పుష్కరాలకు మన విశాఖ నుంచి కూడా ఎందరో వెళ్లివచ్చారు. రైలెక్కితే రెండో రోజుకల్లా గంగ ఒడ్డున ఉంటాం. అందువల్ల కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే అనే సామెత మన మనుమలకు అర్థం కాదు. ఆ సామెత అక్షరాలా నిజమైన రోజుల్లో కాశీకి వెళ్లి, క్షేమంగా తిరిగివచ్చి, దారంతా తెలుగులో రాసిపెట్టిన ఒక మహనీయుడున్నారు. ఆయన మనలాగే ఉద్యోగి. అందుకే ఈ సంచికలో ఆయనను తలచుకోవడం సముచితమని నా భావన.

ఏనుగుల వీరాస్వామయ్యగారు సుమారు 1780లో జన్మించారు. చెన్నపట్టణవాసి. తొమ్మిదో ఏట తండ్రిని పోగొట్టుకున్నారు. పన్నెండేళ్లు వచ్చేసరికి ఇంగ్లీషు బాగా నేర్చి, కంపెనీవారి బోర్డ్ ఆఫ్ ట్రేడులో వాలంటీరుగా చేరారు. ఆ తరువాత లెక్కలు రాసే ఉద్యోగాలు చేస్తూ ఒక్కొక్క మెట్టే ఎక్కి, చివరకు చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు, అంటే ద్విభాషి అయ్యారు.

ద్విభాషి పని తేలికైనది కాదు. సాక్షి తెలుగులోనో అరవంలోనో చెబుతాడు. తీర్పు చెప్పే దొరకు ఆ భాషలు రావు. మధ్యనున్న మనిషి ఒక్క మాట ఎక్కువ వేసినా, ఒక్క మాట తగ్గించినా ఒకరి ఆస్తి పోవచ్చు, ఒకరి ప్రాణమే పోవచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఆ ఉద్యోగధర్మం. ఆయన యాత్రాగ్రంథం చదివినవారికి ఆ అలవాటు ప్రతి పుటలోనూ కనబడుతుంది.

ఉద్యోగంలో ఉండగానే, ఏబదియో ఏట, ఆయన కాశీయాత్రకు సెలవు తీసుకున్నారు. 1830 మే 18న చెన్నపట్టణం నుంచి బయలుదేరారు. కుటుంబం, పరిచారకులు, పల్లకీలు మోసే బోయీలు అంతా కలిసి సుమారు వందమంది. అప్పటికి మన దేశంలో రైలు లేదు. మన తొలి ప్రయాణికుల రైలు బొంబాయిలో కదిలింది 1853లో గదా! పెద్ద నదుల మీద వంతెనలు అరుదు. దారిలో దొంగల భయం, కలరా భయం. నాగపూరు, జబ్బల్పూరు వైపు బాటసారులతో స్నేహం నటించి గొంతుకు ఉరివేసే థగ్గుల ముఠాలు తిరుగుతున్న కాలమది. వందమందిని వెంటబెట్టుకుని వెళ్లడం ఆడంబరం కోసం కాదు, ప్రాణరక్షణకు.

తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం సేవించుకుని హైదరాబాదు చేరారు. అక్కడి నుంచి నాగపూరు, జబ్బల్పూరు మీదుగా ప్రయాగ, కాశీ. ఆపైన గయ, కలకత్తా, పూరీ జగన్నాథం. గంగ మీద కొంత ప్రయాణం పడవల్లో సాగింది. తిరుగుదారిలో శ్రీకాకుళం, విజయనగరం మీదుగా సింహాచలం, మన విశాఖపట్నం చూసుకుని, రాజమహేంద్రవరం, నెల్లూరు మార్గాన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. మొత్తం పదిహేను నెలల పదిహేను రోజులు.

ఆయన మన ఊరికి వచ్చిన రోజులను ఒక్కసారి ఊహించుకోండి. కంపెనీ కలెక్టరు కచేరీ ఉంది, సముద్రం ఉంది, యారాడ కొండ ఉంది. హార్బరు మాత్రం లేదు, అది 1933లో వచ్చింది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం మాట చెప్పనే అక్కరలేదు. నేడు ఆషాఢ పౌర్ణమి సందర్భంగా లక్షలాది జనం సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసే సింహాచలం మాత్రం అప్పుడూ యాత్రాస్థలమే. ఊళ్లు మారినా యాత్రికుడి దారి మారలేదన్నమాట.

ఇంత తిరిగినవారు ఇంకెందరో ఉండవచ్చు. వీరాస్వామయ్యగారి ప్రత్యేకత ఎక్కడ? ఆయన ఏనాటి సంగతి ఆనాడు రాసుకున్నారు. తన మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారికి దారి పొడుగునా ఉత్తరాలు పంపుతూ వచ్చారు. మజిలీ చేసిన ఊళ్లలో ఎన్ని ఇళ్లున్నాయి, అంగళ్లున్నాయా, ఏ సామాను దొరుకుతుంది, మంచినీళ్ల వసతి ఎలాంటిది, దారి ఇసుకా రాయా రేగడా, ఇవన్నీ వివరంగా రాశారు. వెనుక వచ్చే యాత్రికుడు ఇబ్బంది పడకూడదన్నదే ఆయన ఉద్దేశం. గుళ్లూ గోపురాలతోబాటు ఆయా రాజ్యాల పరిపాలన, ఆచారాలు, పంటలు, ప్రజల బతుకు తెరువు కూడా గమనించారు. ఆనాటి హైదరాబాదు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే చరిత్రకారులు నేటికీ ఈ పుస్తకం తిరగేస్తారు.

ఆ రోజుల్లో పుణ్యానికి కూడా పన్ను ఉండేది. ప్రయాగ, గయ, జగన్నాథ క్షేత్రాలలో కంపెనీ ప్రభుత్వం యాత్రికుల దగ్గర సుంకం వసూలు చేసేది. ప్రయాగ రేట్లు 1810 నాటి రెగ్యులేషనులో ఉన్నాయి. నడిచివచ్చినవాడు 1 రూపాయి, గుర్రం మీదో పల్లకీలోనో వచ్చినవాడు 2 రూపాయలు, ఏనుగుతో వచ్చినవాడు 20 రూపాయలు చెల్లించాలి. కూలివాడికి ఆ ఒక్క రూపాయి ఎన్నో రోజుల కష్టం. మూడు చోట్లా ఈ పన్ను 1840లో రద్దయింది. ఆ శుభవార్త వినడానికి వీరాస్వామయ్యగారు లేరు.

ఆయనను లోపం లేని దేవుడిగా చూపవలసిన పని లేదు. ఆయన తన కాలపు మనిషి, తన కులాచారాలు పాటించిన మనిషి. కంపెనీ ఉప్పు తిన్నవారు కనుక దొరల పాలన మీద ఆయనకు మంచి అభిప్రాయమే ఉండేది. అయినా కంటికి కనబడినదాన్ని దాచే స్వభావం మాత్రం కాదు.

ఇల్లు చేరాక పుణ్యం వచ్చిందని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కొద్దికాలానికే గుంటూరు సీమను భయంకరమైన కరువు పట్టింది. 1832-33లో, నందన సంవత్సరంలో వచ్చిన ఆ కరువును పెద్దలు నందన కరువనీ, డొక్కల కరువనీ చెప్పుకునేవారు. గుంటూరు జిల్లాలో లక్షలాది ప్రాణాలు పోయాయి. ఆకలితో చెన్నపట్టణం చేరిన దీనులకు వీరాస్వామయ్యగారు శ్రీనివాసపిళ్లె మొదలైన మిత్రులతో కలిసి అన్నం పెట్టించారు. తాను నడిచివచ్చిన దారిలో చూసిన ఊళ్ల జనమే తన గుమ్మం ముందుకు వచ్చి చెయ్యి చాచినప్పుడు ఆయన మనసెలా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవలసిందే. నా మట్టుకు నాకు ఆయన యాత్రాఫలం అదేననిపిస్తుంది.

1836లో వీరాస్వామయ్యగారు కన్నుమూశారు. తన రాతలు పుస్తకంగా చూసుకునే అదృష్టం ఆయనకు లేకపోయింది. ఉత్తరాలన్నీ భద్రపరచిన శ్రీనివాసపిళ్లెగారు 1838లో కాశీయాత్ర చరిత్ర పేరుతో అచ్చు వేయించారు. తెలుగులో అచ్చయిన తొలి యాత్రాగ్రంథంగా దానికి పేరుంది. తెలుగులో వచనం రాసేవారే అరుదైన రోజుల్లో, మాట్లాడే భాషకు దగ్గరగా రాసిన పుస్తకమది. శతాబ్దం తరువాత, 1941లో, దిగవల్లి వేంకటశివరావుగారు ఎంతో శ్రమించి దానిని మళ్లీ ప్రకటించారు. లేకుంటే నా బోటి గుమస్తాకు ఆయన పేరు తెలిసేదే కాదు.

ఈ లెక్క ఒకటి గమనించండి. యాత్ర ముగిసిన ఐదేళ్లకే ఆయన పోయారు. పని ఒత్తిడి తగ్గాక చూద్దాం, పిల్లల బాధ్యతలు తీరాక చూద్దాం అని వాయిదా వేసి ఉంటే ఆయనకు కాశీ లేదు, మనకు ఆ పుస్తకం లేదు. సర్వీసులో ఉండగా మనలో చాలామంది సెలవులు మిగుల్చుకుని సొమ్ము చేసుకున్నవాళ్లమే. తప్పేమీ కాదు, ఆడపిల్ల పెళ్లికో ఇంటి కప్పుకో అక్కరకు వచ్చింది. కాని ఇప్పుడు మనకు సెలవు చీటీ మీద సంతకం పెట్టవలసిన అధికారి ఎవరూ లేరు.

కాబట్టి సభ్యులకు నా మనవి రెండు ముక్కలు. కాళ్లు ఆడుతుండగానే వెళ్లదలచిన చోటికి వెళ్లిరండి. అది కాశీ కావచ్చు, నాగూరు దర్గా కావచ్చు, వేలాంకణి కావచ్చు. వెళ్లివచ్చాక ఎక్కడ బస చేశారు, ఎంత ఖర్చయింది, ముసలివాళ్లకు మెట్లు ఎన్ని, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఒక తెల్లకాగితం మీద రాసి సంఘ కార్యాలయంలో ఇవ్వండి. రాయడం మనకు కొత్త కాదు, జీవితమంతా చేసిన పనే. వెనుక బయలుదేరే మరో పెన్షనరు దంపతులకు అదే పెద్ద దిక్కు అవుతుంది.