హైపో వాసన ఉన్న గది

మన ఊళ్ల ఫొటో స్టూడియోల్లో వెనకవైపు, కిటికీ లేని చిన్న గది ఒకటి ఉండేది. గుమ్మానికి నల్ల తెర, లోపల పుల్లటి హైపో వాసన. ఆ డార్క్ రూములు ఇప్పుడు లేవు. కొన్నిచోట్ల అదే గదిలో జిరాక్స్ మెషీను నడుస్తోంది. పోయినవాళ్ల మంచి చెప్పుకోవడం మన ఆనవాయితీ. ఈ గది గురించి చెప్పుకోవాల్సిన మంచి చాలా ఉంది.

కెమెరా చేసే పని నిజానికి కొంచెమే. ఎంత వెలుతురు రావాలో అపెర్చర్, ఎంతసేపు రావాలో షట్టర్ తేలుస్తాయి. మంచి ఎండలో అపెర్చర్ 16 దగ్గర పెట్టి, ఫిల్మ్ స్పీడు 125 అయితే షట్టర్‌ను సెకనులో 125వ వంతుకు తిప్పడం, లైట్ మీటరు కొనలేనివాళ్లకు కంఠతా వచ్చిన లెక్క. యాషికా డబ్బా కెమెరాలో 120 రీలు వేస్తే 12 ఫొటోలు. తలంబ్రాలకు రెండు, అప్పగింతలకు ఒకటి అని ముందే పంచుకోవాలి. అయితే వెలుతురు పడినంత మాత్రాన ఫిల్మ్ మీద ఏమీ కనిపించదు. సిల్వర్ బ్రోమైడ్ రేణువుల్లో కంటికి అందని జాడ మాత్రమే మిగులుతుంది. దాన్ని బొమ్మగా చేసేది ఆ గదే.

రీలు కడగడం కటిక చీకట్లో జరిగేది. రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, డెవలపర్ ట్రేలో ఉయ్యాల ఊపినట్టు పైకీ కిందికీ ఆడిస్తూ, గడియారం కనపడదు కనుక మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ ఉండేవారు. మెటాల్, హైడ్రోక్వినోన్ కలిసి వెలుతురు తగిలిన రేణువులను నల్లటి వెండిగా మారుస్తాయి. తగలనివాటిని హైపో కరిగించి తీసేస్తుంది. పుస్తకాల్లో ఈ ద్రావణాలకు 20 డిగ్రీల వేడి రాసి ఉంటుంది. మే నెలలో మన కుళాయి నీళ్లకు ఆ సంగతి తెలియదు కదా! నీళ్లు మరీ వేడెక్కితే ఫిల్మ్ మీది జెలటిన్ పొర మెత్తబడి, అంచుల దగ్గర లేచిపోతుంది. అందుకే ట్రే చుట్టూ ఐసు ముక్కలు పేర్చేవారు, లేదా రాత్రి బాగా పొద్దుపోయాక పని మొదలుపెట్టేవారు.

అసలు విద్య ప్రింటు వేయడంలో ఉంది. బ్రోమైడ్ పేపరు ఎర్ర వెలుతురుకు చెడదు కాబట్టి ఇక్కడ కాస్త కళ్లు కనపడేవి. తెల్ల పంచె కట్టుకున్న ఒక నల్లటి రైతు ఫొటో అనుకోండి. పంచెకు సరిపడా వెలుతురు ఇస్తే మొహం మసిబారుతుంది. మొహానికి సరిపడా ఇస్తే పంచె మడతలు మాయమవుతాయి. అప్పుడు ఎన్లార్జర్ కింద అరచెయ్యి అడ్డం పెట్టి మొహానికి వెలుతురు తగ్గించాలి. తర్వాత చిల్లు పెట్టిన అట్టముక్కలోంచి పంచెకు మరికొంత ఇవ్వాలి. చెయ్యి కదులుతూనే ఉండాలి, ఆగిందా, అంచు గీతలా పడుతుంది. పెళ్లిసంబంధానికి పంపే ఫొటో అయితే అంతకుముందే నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మశూచి మచ్చలు పూడ్చేవారు.

ఆ మొహం ఎంత చామనఛాయలో కనపడాలో నిర్ణయించినవాడు సాధారణంగా ఆ ఊరివాడే, ఆ మనిషిని రోజూ చూసేవాడు. ఇవాళ ఫోను కూడా మొహాన్ని తెల్లబరుస్తుంది, నీడలను వెలిగిస్తుంది. ఎవరు ఎందుకలా తేల్చారో ఫొటో దిగినవాళ్లకూ తెలియదు, తీసినవాళ్లకూ తెలియదు. నాకు డార్క్ రూమ్ లేని లోటు ఇక్కడే తెలుస్తుంది. తను తీసిన నెగెటివ్‌ను తనే కడిగి, నీడల్లో ఏమీ పట్టలేదని కళ్లారా చూసిన కుర్రాడు మర్నాడు అపెర్చర్ ఒక మెట్టు తెరిచేవాడు. ఏ పుస్తకమూ చదవకుండానే వెలుతురు అలాంటి కుర్రాళ్లకు అలా పట్టుబడింది.

కలర్ ల్యాబుల మెషీన్లు వచ్చాక రీళ్లు పట్నానికి వెళ్లడం మొదలైంది. ఆ తర్వాత డిజిటల్ వచ్చి రీలునే తీసేసింది. ‘ఇందు’ పేరుతో మన దేశంలోనే ఫిల్మూ పేపరూ తయారుచేసిన ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్, 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ, అదీ మూతపడింది.

ఆ గదుల్లో పుట్టినవాటి సంగతి మాత్రం ఇంకా మన చేతుల్లోనే ఉంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు, సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన గాజు నెగెటివ్‌లు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. చిన్న ఊళ్ల స్టూడియోల నెగెటివ్‌లకు అలాంటి చోటు లేదు. మూతపడ్డ స్టూడియోల అటకల మీద, కవర్ల మీద పేరూ తేదీ రాసిన కట్టలు ఇంకా ఉండి ఉంటాయి. చెమ్మకు జెలటిన్ బూజు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోకముందే జిల్లా గ్రంథాలయాలు వాటిని అడిగి తీసుకోవాలి. పేర్లు చూసి ఇది ఫలానావాళ్ల తాతయ్య అని చెప్పగల పాత ఫొటోగ్రాఫర్లు ఇంకా మన మధ్య ఉన్నారు, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని చేయాలి.