గేజా మరోట్సి

1870, మార్చి 3న అప్పటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని సెగెడ్ పట్టణంలో జన్మించిన గేజా మరోట్సి హంగేరీ దేశానికి చెందిన ప్రముఖ చదరంగ క్రీడాకారుడు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దంలో ప్రపంచంలోని అగ్రశ్రేణి ఆటగాళ్ళలో ఒకడిగా పేరుపొందాడు. 1906లో ప్రపంచ చాంపియన్ ఇమాన్యుయేల్ లాస్కర్‌తో పోటీకి ఒప్పందం కుదిరినప్పటికీ ఆ పోటీ జరగలేదు. 1927లో తొలి చెస్ ఒలింపియాడ్‌లో విజేతగా నిలిచిన హంగేరీ జట్టుకు మొదటి బల్లపై ఆడాడు. 1950లో ప్రపంచ చదరంగ సమాఖ్య (ఫిడే) మొట్టమొదటిసారిగా గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించిన 27 మందిలో ఇతడు ఒకడు. సిసిలియన్ డిఫెన్స్‌లో మరోట్సి బంధం అని పిలువబడే బంట్ల అమరిక ఇతడి పేరు మీదుగానే ప్రసిద్ధి చెందింది. 1951, మే 29న బుడాపెస్టులో మరణించాడు.

తెలుగువారి వలెనే హంగేరీ ప్రజలు కూడా ఇంటిపేరును ముందు వ్రాసుకుంటారు. కాబట్టి స్వదేశంలో ఇతడి పేరు మరోట్సి గేజా.

తొలి విజయాలు

1895లో ఇంగ్లాండులోని హేస్టింగ్స్‌లో ఆనాటి మేటి ఆటగాళ్ళందరితో పెద్ద టోర్నమెంటు జరిగింది. దానికి అనుబంధంగా నిర్వహించిన రెండవ స్థాయి టోర్నమెంటులో మరోట్సి ప్రథమ స్థానం పొందాడు. ఆ విజయంతో పెద్ద టోర్నమెంట్లలో ఆడే అవకాశం లభించింది. మరుసటి సంవత్సరమే జర్మనీలోని నూరెంబర్గ్‌లో 19 మంది పాల్గొన్న టోర్నమెంటులో 12½ పాయింట్లు సాధించి, 13½ పాయింట్లతో మొదటి స్థానం పొందిన లాస్కర్ తరువాత రెండవ స్థానంలో నిలిచాడు. పిల్స్‌బరీ, టార్రాష్ వంటి ఉద్దండులు ఇతడి వెనుక మిగిలిపోయారు.

అదే నూరెంబర్గ్‌లో లాస్కర్‌ను ఓడించిన మరో హంగేరీ యువకుడు రుడాల్ఫ్ చారౌసెక్. మరోట్సి కంటే మూడేళ్ళు చిన్నవాడైన చారౌసెక్ క్షయవ్యాధి కారణంగా 1900లో మరణించాడు. ఆ తరువాత హంగేరీ చదరంగానికి అంతర్జాతీయ స్థాయిలో ప్రాతినిధ్యం వహించే ప్రధాన బాధ్యత మరోట్సిపై పడింది.

ఉన్నత దశ

1902 నుంచి 1908 వరకు గల కాలం మరోట్సి క్రీడాజీవితంలో అత్యున్నత దశ. 1902లో మాంటీకార్లో టోర్నమెంటులో ఒక వింత నియమం అమలుచేశారు. ఆట డ్రా అయితే ఇద్దరికీ పావు పాయింటు మాత్రమే ఇచ్చి, మిగిలిన అర పాయింటు కోసం మళ్ళీ ఆడించేవారు. ఆ లెక్కన మరోట్సి 14¾ పాయింట్లతో ప్రథమ స్థానం పొందగా, పిల్స్‌బరీ కేవలం పావు పాయింటు తేడాతో రెండవ స్థానంలో నిలిచాడు.

ఈ దశలో ఇతడి ముఖ్య ఫలితాలు:

* 1902 - మాంటీకార్లో, ప్రథమ స్థానం
* 1903 - మాంటీకార్లో, ద్వితీయ స్థానం (టార్రాష్ ప్రథమ స్థానం)
* 1904 - మాంటీకార్లో, ప్రథమ స్థానం
* 1905 - ఒస్టెండ్, ప్రథమ స్థానం (26 ఆటల్లో 19½ పాయింట్లు)
* 1905 - బార్మెన్, జనోవ్‌స్కీతో కలిసి ప్రథమ స్థానం
* 1907 - కార్ల్స్‌బాడ్, ద్వితీయ స్థానం (రూబిన్‌స్టీన్ కంటే అర పాయింటు తక్కువ)
* 1908 - వియన్నా, డ్యూరాస్, ష్లెక్టర్‌లతో కలిసి ప్రథమ స్థానం

2000 దశాబ్దంలో జెఫ్ సోనాస్ అనే గణాంక నిపుణుడు పాత ఆటల ఫలితాలను పరిశీలించి, నాటి క్రీడాకారులకు గణితశాస్త్ర పద్ధతిలో రేటింగులు లెక్కించాడు. ఆ లెక్క ప్రకారం 1904-1907 మధ్య కాలంలో పలు నెలలపాటు ప్రపంచ మొదటి ర్యాంకు మరోట్సిదే. అయితే ఆ కాలంలో లాస్కర్ చాలా తక్కువగా ఆడాడన్న విషయాన్ని కూడా గమనించాలి.

జరగని ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ

ఆ రోజుల్లో ప్రపంచ చాంపియన్‌షిప్‌ను నిర్వహించే సంస్థ ఏదీ లేదు. చాంపియన్‌కు సవాలు చేసిన క్రీడాకారుడు పందెపు సొమ్మును, పోటీ నిర్వహించే నగరాలను తానే సమకూర్చుకొని చాంపియన్ షరతులకు అంగీకరించవలసి ఉండేది. వరుస విజయాల అనంతరం మరోట్సి 1906లో లాస్కర్‌తో ఇటువంటి ఒప్పందమే చేసుకున్నాడు. కాని ఏర్పాట్లు పూర్తికాలేదు. పోటీకి వేదికగా అనుకున్న క్యూబాలో ఆ సంవత్సరం తలెత్తిన రాజకీయ కల్లోలమే ఇందుకు కారణమని సాధారణంగా చెబుతారు. 1906లో క్యూబాలో ప్రభుత్వానికి వ్యతిరేకంగా తిరుగుబాటు జరిగి, అమెరికా సేనలు ఆ దేశంలో ప్రవేశించాయి.

1907లో లాస్కర్ తన తదుపరి పోటీని అమెరికాకు చెందిన ఫ్రాంక్ మార్షల్‌తో ఆడి, ఒక్క ఆట కూడా ఓడిపోకుండా గెలిచాడు. 1905లో ఒస్టెండ్, బార్మెన్ రెండు టోర్నమెంట్లలోనూ ఈ మార్షల్ మరోట్సి కంటే వెనుకబడినవాడే. అప్పటికి 37 సంవత్సరాల వయసున్న మరోట్సికి ప్రపంచ కిరీటం కోసం ఆడే అవకాశం మళ్ళీ రాలేదు.

ఉద్యోగం, విరామం

మరోట్సి చదరంగాన్నే వృత్తిగా చేసుకొనలేదు. 1908 తరువాత అంతర్జాతీయ టోర్నమెంట్లను బాగా తగ్గించుకొని ఉద్యోగంపై దృష్టి నిలిపాడు. కార్మిక సంఘాలు, సామాజిక బీమాకు సంబంధించిన కార్యాలయాలలో గుమాస్తాగా, లెక్కల తనిఖీ అధికారిగా పనిచేసి మంచి స్థాయికి చేరుకున్నాడు. ఈ కాలంలోనే 19వ శతాబ్దపు అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ ఆడిన ఆటలను సేకరించి, వ్యాఖ్యానాలతో జర్మన్ భాషలో గ్రంథంగా ప్రచురించాడు (1909).

స్థిరమైన ఆదాయం కోసం చదరంగాన్ని ప్రక్కన పెట్టిన మరోట్సి జీవితాన్ని మొదటి ప్రపంచయుద్ధం తారుమారు చేసింది. యుద్ధంలో ఓడిపోయిన ఆస్ట్రియా-హంగేరీ ముక్కలైంది. 1919 మార్చిలో బేలా కున్ నాయకత్వాన హంగేరీలో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. ఆ ప్రభుత్వంలో మరోట్సి విద్యా మంత్రిత్వశాఖకు ప్రధాన ఆడిటరుగా పనిచేశాడు. 133 రోజులకే ఆ ప్రభుత్వం కూలిపోయింది. దాని కింద పనిచేసిన మరోట్సికి ఆ తరువాత స్వదేశంలో ఉద్యోగం దొరకలేదు. దాదాపు 50 ఏళ్ళ వయసులో బ్రతుకుతెరువు కోసం దేశం విడిచి వెళ్ళి, పన్నెండేళ్ళ క్రితం తగ్గించుకొన్న చదరంగాన్నే మళ్ళీ ఆశ్రయించవలసి వచ్చింది.

రెండవ దశ

1920 దశాబ్దంలో మరోట్సి నెదర్లాండ్స్, ఇంగ్లాండు, అమెరికా దేశాలలో నివసించాడు. 1921లో ఆస్ట్రియాలోని బాడ్ ఆసీలో నెదర్లాండ్స్ యువ ఆటగాడు మాక్స్ యూవేతో 12 ఆటల పోటీ ఆడి 6-6తో సమంగా ముగించాడు. ఈ యూవేయే 1935లో అలెఖిన్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1923లో కార్ల్స్‌బాడ్‌లో 18 మంది పాల్గొన్న టోర్నమెంటులో 53 ఏళ్ళ మరోట్సి, తన కంటే ఎంతో చిన్నవారైన అలెఖిన్, బొగల్యూబొవ్‌లతో సమానంగా 11½ పాయింట్లు సాధించి ప్రథమ స్థానాన్ని పంచుకున్నాడు. మరుసటి ఏడాది న్యూయార్కులో 11 మంది పాల్గొన్న ప్రసిద్ధ టోర్నమెంటులో ఆరవ స్థానం పొందాడు.

ఇంగ్లాండులో ఉన్నప్పుడు హేస్టింగ్స్‌లో వేరా మెంచిక్ అనే యువతికి చదరంగం నేర్పించాడు. 1927 జూలైలో లండన్‌లో తొలి చెస్ ఒలింపియాడ్, తొలి మహిళా ప్రపంచ చాంపియన్‌షిప్ ఒకేసారి జరిగాయి. పురుషుల జట్ల పోటీలో మరోట్సి నాయకత్వాన హంగేరీ స్వర్ణపతకం సాధించగా, మహిళల పోటీలో మెంచిక్ తొలి ప్రపంచ చాంపియన్ అయింది. 1929 కార్ల్స్‌బాడ్ టోర్నమెంటులో గురుశిష్యులిద్దరూ పాల్గొన్నారు. 1944లో లండన్‌పై జరిగిన జర్మన్ దాడిలో మరణించేవరకు మహిళా చాంపియన్ కిరీటం మెంచిక్ వద్దనే ఉండేది.

1932లో లండన్ టోర్నమెంటులో మరోట్సితో పాటు అవిభక్త భారతదేశంలోని పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ కూడా ఆడాడు. 1936లో మ్యూనిక్‌లో జరిగిన అనధికార ఒలింపియాడ్‌లో 66 ఏళ్ళ వయసులో మరోట్సి మళ్ళీ హంగేరీ తరఫున ఆడగా, ఆ జట్టే ప్రథమ స్థానం పొందింది. అందులో 19 ఏళ్ళ లాస్లో సాబో కూడా ఉన్నాడు. 1950లో తొలి గ్రాండ్‌మాస్టర్ల జాబితాలో మరోట్సితో పాటు సాబో పేరు కూడా చేరింది.

ఆటతీరు

మరోట్సి ఆట ప్రధానంగా రక్షణాత్మకమైనది. తొందరపడి దాడికి దిగకుండా చిన్న ఆధిక్యతను చివరివరకు కాపాడుకొని గెలవడం ఇతడి పద్ధతి. మంత్రులు, బంట్లు మాత్రమే మిగిలిన అంత్యదశలో ఇతడికి సాటిరాగలవారు అరుదు. ఇటువంటి స్థితిలో మంత్రి ఏ గడి నుంచైనా రాజుకు వరుసగా చెక్ చెప్పగలదు కాబట్టి గెలుపు చేజారడం చాలా తేలిక. 1907 కార్ల్స్‌బాడ్‌లో మార్షల్‌పై గెలిచిన ఆటను ఈ విషయంలో ఉదాహరణగా చూపుతారు. అవసరమైతే దాడి చేయడం కూడా తెలిసినవాడే అనడానికి 1903లో వియన్నాలో చిగోరిన్‌పై కింగ్స్ గాంబిట్‌లో ఆడిన ఆట నిదర్శనం.

మరోట్సి బంధం

సిసిలియన్ డిఫెన్స్‌లో తెల్లపావుల ఆటగాడు తన డి-బంటును నల్లపావుల సి-బంటుతో మార్చుకున్న తరువాత సి4, ఇ4 గళ్ళలో రెండు బంట్లను నిలిపితే దానిని మరోట్సి బంధం అంటారు. ఈ రెండు బంట్లూ డి5 గడిని కాపలా కాస్తాయి. నల్లపావుల ఆటగాడికి డి5కు బంటును త్రోయడమే సహజమైన విడుదల మార్గం. ఆ దారి మూసుకొనిపోవడంతో అతడి పావులు ఇరుకున పడతాయి.

విశేషమేమిటంటే ఈ అమరిక 1904 మాంటీకార్లో టోర్నమెంటులో స్విడెర్‌స్కీ, మరోట్సిల మధ్య జరిగిన ఆట ద్వారా వెలుగులోకి వచ్చింది. అందులో మరోట్సి ఆడినవి నల్లపావులు. అంటే బంధం వేసినవాడు స్విడెర్‌స్కీ కాగా, అందులో చిక్కుకున్న ఆటగాడి పేరే దానికి స్థిరపడింది. ఇతడు స్వయంగా తెల్లపావులతో ఈ బంధాన్ని ప్రయోగించిన ఆటలు చాలా తక్కువ. చాలాకాలం వరకు నల్లపావులవారు ఈ బంధంలో పడితే కోలుకోలేరని భావించేవారు. తరువాతి కాలంలో దీనిని ఎదుర్కొనే పద్ధతులు కనుగొన్నారు. కారో-కాన్ డిఫెన్స్‌లో మూడవ ఎత్తుగా తెల్లబంటును ఎఫ్3కి జరిపే పద్ధతికి కూడా మరోట్సి పేరు ఉంది.

మరణానంతరం

మరోట్సి స్మారకార్థం 1952లో బుడాపెస్టులో జరిగిన టోర్నమెంటులో నాటి ప్రపంచ చాంపియన్ బోట్విన్నిక్ కూడా పాల్గొన్నాడు. అందులో ఎస్టోనియాకు చెందిన పాల్ కెరెస్ ప్రథమ స్థానం పొందాడు.

1985లో రాబర్ట్ రోలాన్స్ అనే వ్యక్తి, తన ద్వారా మరోట్సి ఆత్మ ఎత్తులు చెబుతున్నదని ప్రకటించి గ్రాండ్‌మాస్టర్ విక్టర్ కోర్చ్‌నోయ్‌తో ఒక ఆట ప్రారంభించాడు. 1993 వరకు సాగిన ఆ ఆటలో కోర్చ్‌నోయ్ గెలిచాడు. పత్రికలలో విస్తృతంగా ప్రచారమైన ఈ ఉదంతానికి శాస్త్రీయ ఆధారం లేదు. మరోట్సి క్రీడాజీవితంలో దీనిని లెక్కించరు.

హంగేరీ చదరంగంపై ప్రభావం, తెలుగువారు

1927 విజయం తరువాత 1928లోనూ, ఆ పైన యాభై ఏళ్ళకు 1978లో బ్యూనస్ ఎయిర్స్‌లోనూ హంగేరీ ఒలింపియాడ్ స్వర్ణం గెలుచుకుంది. 1978 జట్టుకు మొదటి బల్లపై ఆడిన లాయోష్ పోర్టిష్, ఆ తరువాత వచ్చిన పోల్గార్ సోదరీమణులు, పీటర్ లేకో ఈ పరంపరకు చెందినవారే.

హంగేరీ ఆటగాళ్ళ రికార్డులు తెలుగు క్రీడాకారులకు కూడా గీటురాళ్ళయ్యాయి. 1991లో జుడిత్ పోల్గార్ 15 ఏళ్ళ 4 నెలల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. కృష్ణా జిల్లాకు చెందిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళ 1 నెల వయసులో ఆ బిరుదు సాధించి, పిన్న వయసు మహిళా గ్రాండ్‌మాస్టర్ రికార్డును మూడు నెలల తేడాతో అధిగమించింది. అందుకు కావలసిన చివరి నార్మ్‌ను ఆమె పొందింది బుడాపెస్టులోనే. ఈ రికార్డును 2008లో చైనాకు చెందిన హౌ యిఫాన్ దాటింది. 2002 అక్టోబరులో హైదరాబాదు ఫిడే ప్రపంచ కప్‌కు వేదిక కాగా విశ్వనాథన్ ఆనంద్ విజేతగా నిలిచాడు. 2024 సెప్టెంబరులో బుడాపెస్టులో జరిగిన 45వ ఒలింపియాడ్‌లో భారతదేశం ఓపెన్, మహిళల విభాగాలు రెండింటిలోనూ మొదటిసారిగా స్వర్ణపతకాలు సాధించింది. ఆ జట్లలో పెంటేల హరికృష్ణ, ఇరిగేశి అర్జున్, ద్రోణవల్లి హారిక తెలుగువారు.

ప్రపంచ కిరీటం దక్కకపోయినా మరోట్సి పేరు చదరంగ పాఠాలలో నిలిచిపోయింది. సికింద్రాబాదులోనైనా, సెగెడ్‌లోనైనా సిసిలియన్ డిఫెన్స్ నేర్చుకొనే విద్యార్థికి సి4, ఇ4 బంట్లతో పాటు ఈ పేరు కూడా పరిచయమవుతుంది.