మొదటి సాలార్‌జంగు

హైదరాబాదునందలి సాలార్‌జంగు మ్యూజియమును గూర్చి విననివారు అరుదు. అందలి వస్తువులను ఎక్కువగా సేకరించినవాడు మూడవ సాలార్‌జంగు. ఆయన తాతయగు మొదటి సాలార్‌జంగు రాజ్యపాలనలో పేరుగాంచినవాడు. ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్.

ఆయన 1829లో జన్మించెను. దివానుగానుండిన తండ్రి సోదరుడు 1853లో మరణింపగా, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున తానే నిజాము రాజ్యమునకు దివానయ్యెను.

అప్పటికి బొక్కసము వట్టిపోయి యుండెను. సైనికులకు జీతములు అందకుండెను. శిస్తు వసూలు గుత్తకియ్యబడుచుండెను. ఎక్కువ సొమ్మిత్తునన్నవానిదే అధికారము. వానికి చదువున్నదా, న్యాయబుద్ధి యున్నదా యని అడుగువారు లేరు. గుత్తదారుడు తాను చెల్లించినదానికంటె ఎక్కువగా రైతునుండి రాబట్టజూచును. అట్టి ప్రభుత్వమును రైతు ఎట్లు నమ్మును?

సాలార్‌జంగు గుత్తలను క్రమముగా తొలగించి, జీతముపై అధికారులను నియమించెను. 1865లో జిల్లాబందీ యను సంస్కరణముచే రాజ్యమును జిల్లాలుగా విభజించెను. మానేరు తీరమునందలి ఎలగందుల పేరున ఒక జిల్లా ఏర్పడెను. అదియే తరువాత కరీంనగరు జిల్లా యయ్యెను. నేటి ఆదిలాబాదు ప్రాంతమున 1872లో సిర్పూరు-తాండూరు ఉపజిల్లా ఏర్పడెను.

సమర్థులైన ఉద్యోగులకొఱకు ఆయన ఉత్తర హిందూస్థానమునుండి విద్యావంతులను రప్పించెను. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మొహ్‌సినుల్ ముల్కు మొదలగువారు అట్లు వచ్చినవారే. పాలన చక్కబడెను గాని స్థానికులకు అసంతృప్తి మిగిలెను. కచ్చేరీలలో పారసీభాష నడచుచుండెను. ఎలగందుల రైతుబిడ్డ మాటలాడునది తెలుగు. రాజధానిలో దారుల్ ఉలూమ్ విద్యాలయము వెలసినను, పల్లెలకు చదువు అంతగా చేరలేదు. బడియే లేనిచోట ఎంత తెలివిగల బాలుడైనను కొలువునకు అర్హుడగుట యెట్లు? సాలార్‌జంగు పిదపకూడ ఈ బాధ పెరుగుచునే వచ్చెను. స్థానికులను ముల్కీలనెడివారు. 1919లో నిజాము ప్రభుత్వము వారి ఉద్యోగములకొఱకు ముల్కీ నిబంధనలను ఏర్పఱచెను.

1857లో ఆంగ్లేయుల పక్షము వహించినందున సాలార్‌జంగు మెప్పును, నిందను గూడ పొందెను. ముగ్గురు నిజాములయొద్ద దాదాపు ముప్పదియేండ్లు దివానుగా పనిచేసి, 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి మరణించెను.

బాలబాలికలారా! సాలార్‌జంగునకు పదవి వంశమువలన లభించెను. అయినను ఇతరులకు పదవులను యోగ్యతనుబట్టి ఈయదలచుట ఆయన గొప్పతనము. యోగ్యులు పాలించినప్పుడు ప్రజలకు ప్రభుత్వముపై నమ్మకము కలుగును. ఆ యోగ్యతను సంపాదించు మార్గము పేదవాని బిడ్డకును తెఱచియున్నప్పుడే ఆ నమ్మకము నిలుచును. మొదటి పనిని ఆయన చాలవఱకు నెఱవేర్చెను. రెండవది ఆయన కాలమున నెఱవేరలేదు.