ఆల్ఫ్రెడ్ వెర్నర్ – పద్దెనిమిదేళ్ల పెండింగు ఫైలు

సీసం అంటే మన తరానికి పాత నీటి గొట్టాలు, బ్యాటరీలు గుర్తొస్తాయి. ఇప్పుడు సీసపు పరమాణువులను సేంద్రియ అణువులతో ముడివేసి గొలుసులుగా, వలలుగా అల్లిన స్ఫటికాలు తయారుచేస్తున్నారు. ఈ శాస్త్రానికి పునాది వేసిన మహనీయుడు ఆల్ఫ్రెడ్ వెర్నర్.

ఆయన 1866 డిసెంబర్ 12న ఆల్సేస్ ప్రాంతంలోని మ్యూలూజ్‌లో జన్మించారు. జూరిచ్‌లో చదివి, అక్కడే ప్రొఫెసరయ్యారు. ఓ రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, తట్టిన ఆలోచనను సాయంత్రం దాకా రాస్తూనే ఉన్నారట. అది 1893లో అచ్చయింది. లోహ పరమాణువు చుట్టూ ఇతర అణువులు నిర్ణీత సంఖ్యలో, నిర్ణీత ఆకృతిలో అమరుతాయన్నదే దాని సారం. కోబాల్టుకైతే ఆరు.

ఆయన ఆధారపడింది ఎక్కువగా కోపెన్‌హేగన్ ప్రొఫెసర్ యోర్గెన్‌సెన్ తయారుచేసిన లవణాల మీద. విచిత్రమేమంటే, ఆ యోర్గెన్‌సెనే ఆయనకు ప్రధాన ప్రత్యర్థి! పెండింగు ఫైళ్లు నేనూ చాలా చూశాను గానీ, ఇది పద్దెనిమిదేళ్లు నడిచింది. 1907లో వెర్నర్ తన సిద్ధాంతం ఊహించిన ఊదారంగు లవణాన్ని తయారుచేసి చూపగానే యోర్గెన్‌సెన్ ఓటమిని అంగీకరించారు. అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం. 1911లో, అద్దంలో ప్రతిబింబాల్లాంటి కుడి, ఎడమ రూపాలను వేరుచేయడంతో మిగతా సందేహాలూ తీరాయి.

1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఆరోగ్యం క్షీణించి 1919 నవంబర్ 15న, యాభై రెండేళ్లకే కన్నుమూశారు.

సీసం మాత్రం కోబాల్టులా ఒకే లెక్కకు కట్టుబడదు. అందుకే దాని ప్రతి కొత్త స్ఫటికాన్నీ ఎక్స్-కిరణాలతో విడిగా పరీక్షించాల్సిందే.