గుంటూరు ఆడపడుచుల డాక్టరమ్మ అన్నా సారా కుగ్లర్

మారతహళ్ళిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో గుంటూరు, పల్నాడు, బాపట్ల ప్రాంతాల నుండి వచ్చినవారు ఉన్నారు. అటువంటి ఇళ్లలోని పెద్దలకు కుగ్లర్ ఆసుపత్రి పేరు క్రొత్త కాదు. ఆ పేరు వెనుక ఒక స్త్రీ ఉన్నదనీ, ఆమె తెలుగునేలకు మొదట వైద్యురాలిగా కాక ఉపాధ్యాయురాలిగా వచ్చిందనీ ఎరిగినవారు మాత్రం తక్కువ. పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో ఆమె జీవితాన్ని స్మరించుకొనుట సముచితమని భావిస్తున్నాము.

అన్నా సారా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఆర్డ్‌మోర్ గ్రామంలో జన్మించారు. స్త్రీలు వైద్యం చదువుటయే వింతగా తోచిన కాలమది. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరి 1879లో పట్టభద్రులై, నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశారు. స్వదేశంలో గౌరవప్రదమైన వృత్తి, నిశ్చింతగా సాగే జీవితం ఆమె చేతిలోనే ఉన్నాయి.

అట్టి సమయంలో గుంటూరులోని మిషనరీ రో గారి నుండి ఒక లేఖ వచ్చింది. అక్కడ 1842లో హేయర్ గారు స్థాపించిన లూథరన్ మిషన్ నడుస్తున్నది. పురుష వైద్యుని ఎదుటికి రాలేని ఘోషా స్త్రీలు ప్రసవవేదనతో, జ్వరాలతో తలుపుల చాటుననే కన్నుమూస్తున్నారనీ, స్త్రీ వైద్యురాలు ఒకరు అత్యవసరమనీ ఆ లేఖ సారాంశం. కుగ్లర్ గారు వెంటనే తన సంఘంలోని మహిళా మిషనరీ సమాజానికి దరఖాస్తు చేశారు. వైద్యసేవ ప్రారంభించే ఉద్దేశం తమకు అప్పట్లో లేదని సమాజంవారు తెలియజేశారు. ఉపాధ్యాయినిగానైతే పంపగలమన్నారు.

ఈ ఘట్టం వద్ద కొంచెం ఆగవలసి ఉన్నది. వైద్యవిద్యలో పట్టా పొందినవారిని అక్షరాలు నేర్పుటకు పొమ్మన్నప్పుడు ఎవరికైనా మనసు చిన్నబుచ్చుకొనుట సహజం. పనిని ఒప్పుకొనుట ఒక ఎత్తు, అయిష్టం లేకుండా ఒప్పుకొనుట మరొక ఎత్తు. కుగ్లర్ గారు ఒప్పుకున్నారు. 1883 చివరలో గుంటూరు చేరి, బాలికల పాఠశాలల పర్యవేక్షణనూ, ఇంటింటికీ వెళ్లి ఘోషా స్త్రీలకు చదువు చెప్పే పనినీ చేపట్టారు. ఆ పనిని ఆమె కాలక్షేపంగా తలచలేదు. తెలుగు నేర్చుకున్నారు.

అయితే చదువు చెప్పబోయిన ఇంట పసిబిడ్డ మూలుగుతూ ఉంటే వైద్యురాలి చేయి ఊరుకోదు గదా. పాఠం ముగిసిన పిమ్మట రోగిని చూచుట, మందు ఇచ్చుట మొదలైంది. తాను నివసించే ఇంటికే రోగులు రాసాగారు. మిషన్ లెక్కలలో ఆమె ఇంకా ఉపాధ్యాయినియే. నిజానికి ఆమెకు రెండు ఉద్యోగాలు, అందులో ఒకటి ఎవరూ అప్పగించనిది.

ఆ సేవకు లభించిన స్వాగతం కూడా తీయనిది కాదు. విదేశీ స్త్రీ తాకిడి మైల అని భావించిన ఇళ్లు అనేకం. ఆమె చేతి నీటితో కలిపిన మందును పుచ్చుకొనుటకు జంకేవారు, ఆమె వెళ్లిన తరువాత స్నానం చేసేవారు ఉండేవారు. పిలుపు వచ్చినప్పుడు అదే ఇంటికి ఆమె మరల వెళ్లేవారు. ఆనాటి మంత్రసానులపై విశ్వాసం గల కుటుంబాలు చివరి గడియలో మాత్రమే కబురు పంపుట మరొక చిక్కు. అప్పటికే చేయి దాటిన ప్రసవాలకు పిలిపించి, ఫలితం ఆమెపై మోపిన సందర్భాలు లేకపోలేదని ఊహించవచ్చు.

రెండు సంవత్సరాల తరువాత, 1885 డిసెంబరులో, సమాజంవారు ఆమెను వైద్య మిషనరీగా నియమించారు. మరుసటి సంవత్సరమే గుంటూరులో ఔషధశాల వెలసింది. 1886 అనగానే మన బెంగుళూరువారికి మరొకటి గుర్తుకు రావాలి. గుడ్ షెపర్డ్ కన్యకలు ఈ నగరంలో సెయింట్ మార్తాస్ ఆసుపత్రిని ప్రారంభించినది ఆ సంవత్సరమే. ఇంటి పనులతో తలమునకలైన మార్తమ్మ పేరును ఆసుపత్రికి పెట్టుట ఎంత ఉచితం!

1889లో కుగ్లర్ గారు సెలవుపై స్వదేశం వెళ్లారు. విశ్రాంతికని పేరేగాని, సంఘాలు తిరిగి ఆసుపత్రి కొరకు విరాళాలు కూడబెట్టుటలోనే ఆ రోజులు గడిచాయి. తిరిగి వచ్చిన పిదప 1893లో క్రొత్త ఔషధశాల, 1897లో స్త్రీలకు, పిల్లలకు ఉద్దేశించిన ఆసుపత్రి గుంటూరులో ప్రారంభమైనాయి. డాక్టర్ లిడియా వోర్నర్, డాక్టర్ మేరీ బేర్, నర్సు కేథరీన్ ఫాస్ వంటివారు తోడు వచ్చారు. తెలుగు యువతులకు నర్సు శిక్షణ ఇచ్చారు. చీరాలకు కూడా వైద్యసేవ విస్తరించింది. అంతకాలం గడప దాటని స్త్రీలు బండ్లపై ఆసుపత్రికి రావడం మొదలుపెట్టారు.

ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు బహదూర్ గారి ఉదంతం చెప్పకపోతే ఈ కథ అసంపూర్ణం. ఆయన సతీమణికి కుగ్లర్ గారు చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆ హిందూ జమీందారు ఆసుపత్రి ఎదురుగా ఒక సత్రం కట్టించారు. రోగులతో వచ్చిన బంధువులు తమ ఆచారాలకు భంగం కలుగకుండా అక్కడ బస చేయడానికి వీలు కలిగింది. తాకితే మైల అన్న ఊరిలోనే ఆమె గుమ్మానికి ఎదురుగా ఆ సత్రం వెలసింది. ఈ రచయిత దృష్టిలో ప్రభుత్వం 1905లో ఇచ్చిన కైసర్-ఇ-హింద్ పతకం కంటె, 1917లో దానికి చేర్చిన మరొక గౌరవం కంటె ఆ సత్రమే గొప్పది.

కుగ్లర్ గారు తమ ఆసుపత్రి చరిత్రను గ్రంథంగా వ్రాయగా అది 1928లో వెలువడింది. గ్రంథానికి ఆసుపత్రి పేరే పెట్టారు, తమ పేరు కాదు. రెండేళ్ల తరువాత, 1930 జూలై 26న, గుంటూరులోనే పరమపదించారు. ఆమె గుంటూరు వచ్చి అప్పటికి నలుబది ఆరు సంవత్సరాలు దాటింది. ఆసుపత్రికి కుగ్లర్ పేరు పెట్టినది ఆమె మరణానంతరమే.