అండమును గనుగొనిన బేయరు పండితుడు

కోడి గ్రుడ్డు పెట్టుట యెల్లరెరిగినదే. పాలిచ్చి పిల్లలను బెంచు జంతువులకును, మానవస్త్రీకిని అట్టి యండము కలదని కన్నులార జూచి నిరూపించినవాడు కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయరు. ఇట్టి విషయము బాలబాలికల పత్రికలో నుండదగునా యని యెవరైన శంకింతురేమో. జననక్రమమును మర్యాదతో నెరుగుట కంటె చాటుమాటలవలన నెరుగుటయే హానికరమని మా యభిప్రాయము.

బేయరు 1792 వ సంవత్సరము ఫిబ్రవరి 28 వ తేదీన, అప్పుడు రష్యా సామ్రాజ్యమునకు లోబడియుండిన ఎస్తోనియా దేశమున, పీబె యను గ్రామమందు జన్మించెను. దోర్పాత్ నగరమున వైద్యము చదువుచుండగా 1812 లో నెపోలియను దండెత్తివచ్చెను. అప్పుడీ విద్యార్థి రీగా పట్టణమునకు బోయి, టైఫస్ జ్వరముతో బడియున్న సైనికులకు బరిచర్య చేయుచు, తానును ఆ జ్వరమునకు జిక్కి బ్రదికి బయటపడెను. పట్టము పుచ్చుకొనిన పిదప జర్మనీలోని వుర్ట్స్‌బుర్గునకు జేరి, డోలింగరు అను గురువు నాశ్రయించెను. ఆ గురువు ఉపన్యాసముల మాట యటుంచి, ఏదేని ప్రాణిని దెచ్చి కోసి చూడుమనెను. శిష్యుడొక జలగను దెచ్చెను. ఆయన నిజమైన విద్య యచటనే యారంభమయ్యెనని మేము తలంతుము.

1817 లో ఆయన క్యోనిగ్స్‌బర్గు విశ్వవిద్యాలయమున నుద్యోగము స్వీకరించెను. అంతకు ముందే, 1672 లో, హాలెండు వైద్యుడు డి గ్రాఫు అండాశయముపై నీటిబుడగలవంటి పుటికలను వర్ణించి అవియే యండములని తలంచెను. కాని నాళములో గనబడు పిండములు పుటికలకంటె చిన్నవిగ నుండెను. పెద్దది చిన్నదెట్లగును? ఈ చిక్కు నూటయేబది యేండ్లు విడలేదు.

బేయరు కుక్కలను బరిశోధించుచు 1827 లో నిదానముగ వెనుకకు నడచెను. మొదట గర్భాశయములోని పిండమును, పిదప నాళములోని సూక్ష్మబిందువును జూచెను. ఇంకను వెనుకటి స్థితిని జూడవలెనన్న, కొలదిదినముల క్రిందట మగకుక్కతో గూడిన యాడుకుక్క కావలెను. ఆయన మిత్రుడును పైయధికారియునగు బుర్డాకు తన యింటికుక్కనే యిచ్చివేసెను. పుటికలో పసుపురంగు చుక్క యొకటి కనబడెను. దానిని సూక్ష్మదర్శని క్రింద నుంచి చూచినంతనే పిడుగుపడినవానివలె వెనుకకు దగ్గెను. భ్రమయేమో యని భయపడి, మనసు కుదుటపరచుకొనిన పిమ్మటనే మరల జూచెను. పుటిక అండము కాదు. పుటికలోపల నున్న యా చుక్కయే యండము.

లాటిను భాషలో వ్రాసి ప్రకటించినను మెచ్చినవారు లేరు. 1828 లో బెర్లిను పండితసభలో, కడపటి దినమున స్వీడను దేశపు రెట్సియసు అడుగువరకు, ఎవ్వరును ఆ ప్రస్తావనయే తేలేదు.

ఆశ్చర్యమేమన, శుక్రకణములకు స్పెర్మటోజోవా యను పేరు పెట్టినవాడును ఈయనయే. అయినను వానిని ద్రవములో బ్రదుకు పరాన్నజీవులుగ నెంచెను! సగము సత్యము చేతిలో నుండగా తక్కిన సగమును త్రోసివేసెను. నేడు తెలిసినదేమన: సామాన్యముగ నెలకొకమారు, ఋతుచక్రము నడుమ, పుటిక పగిలి అండము వెలువడి నాళమును జేరును. అది మిల్లీమీటరులో సుమారు పదియవ వంతు. ఒక దినముకంటె నిలువదు. కోట్లకొలది శుక్రకణములు బయలుదేరినను, నాళమును జేరునవి కొన్ని వందలే. ఒకటి అండము పైపొరను దాటి లోపలికి జొరబడగానే ఆ పొర మారిపోయి తక్కినవానిని నిరోధించును. తల్లినుండి 23, తండ్రినుండి 23 క్రోమోసోములు కూడి 46 అగును. అట్లేర్పడిన యేకకణమే సంయుక్తబీజము.

క్యోనిగ్స్‌బర్గులో బేయరు పనిలో మునిగి, మంచు పడియున్నప్పుడు గదిలో జొచ్చి, ఒకనాడు బయటికి వచ్చి చూడగా పైరు వెన్నుదీసియుండెనట. అంతట విచారించి, 1834 లో రష్యా రాజధానికి దరలెను. 1837 లో నొవాయా జెమ్ల్యా యను ఉత్తరధ్రువ దీవులకును, పిమ్మట కాస్పియను సముద్రమునకును బోయి, చేపలను, నదులను బరిశోధించెను.

1876 నవంబరు 28 వ తేదీన దోర్పాతులో మరణించెను. ఆ యేడే ఆస్కారు హెర్ట్‌విగు, సముద్రపు ముండ్లకాయవంటి ప్రాణియందు శుక్రకణపు కేంద్రము అండపు కేంద్రముతో గలియుటను వర్ణించి ప్రకటించెను. దోర్పాతునకు నేడు టార్టు అని పేరు. అచటి కొండపై 1886 లో నెలకొల్పిన బేయరు విగ్రహమున్నది. ఏటేట వసంతోత్సవపు రాత్రి విద్యార్థులు దాని తలకు షాంపేను పోసి కడుగుదురు.