తల్లి పేరే తన పేరైన సారిపుత్రుడు



బుద్ధుడి గురించి మనమంతా సాంఘిక శాస్త్రంలో చదువుకున్నాం. ఆయన ముఖ్య శిష్యుడు సారిపుత్రుడి గురించి మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈసారి గోడ పత్రికకు ఆయన జీవితం రాస్తున్నాను.

సారిపుత్రుడు సుమారు 2500 ఏళ్ల కిందట మగధ దేశంలో, రాజగృహ నగరం దగ్గరి ఒక పల్లెలో పుట్టాడు. అది ఇప్పటి బీహార్ రాష్ట్రం. అసలు పేరు ఉపతిష్యుడు. తల్లి పేరు రూపసారి. సారి కొడుకు కాబట్టి సారిపుత్రుడు అన్నారు. లోకం ఆయన్ని తల్లి పేరుతోనే గుర్తు పెట్టుకుంది.

వాళ్లది బాగా కలిగిన బ్రాహ్మణ కుటుంబం. ప్రాణ స్నేహితుడు కోలితుడితో కలిసి ఒకసారి కొండ మీద జాతరకు వెళ్లాడు. ఆడేవాళ్లూ చూసేవాళ్లూ అందరూ ఒకనాటికి పోయేవాళ్లే కదా అనిపించింది. ఇద్దరూ ఇల్లు వదిలి, గురువు కోసం తిరిగి తిరిగి, చివరికి బుద్ధుడి శిష్యులయ్యారు. ఆ కోలితుడే మొగ్గల్లానుడు.

సారిపుత్రుడు అంత పెద్ద పండితుడైనా పని దగ్గర చిన్నతనం అనుకోలేదు. అందరూ భిక్షకు వెళ్లిపోయాక ఆరామమంతా తిరిగి, ఊడవని చోట ఊడ్చేవాడు. ఖాళీ కుండల్లో నీళ్లు నింపేవాడు. జబ్బుపడ్డ వాళ్ల దగ్గరికి వెళ్లి ఏం కావాలో అడిగి, మందు తెచ్చి ఇచ్చేవాడు. రాధుడు అనే పేద ముసలాయన సంఘంలో చేరతానంటే ఎవరూ ముందుకు రాలేదు. ఎప్పుడో ఆయన తనకు ఒక గరిటెడు అన్నం పెట్టాడని గుర్తు తెచ్చుకుని సారిపుత్రుడే చేర్చుకున్నాడు. గరిటెడు అన్నాన్ని మరిచిపోని మనిషి!

కానీ ఇంటి దగ్గర తల్లికి మాత్రం ఆయన మీద కోపం. ఆమెకు నలుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. అందరూ ఒకరి వెనక ఒకరు సంఘంలో చేరిపోయారు. అంత ఆస్తి ఉండీ ఇల్లు బోసిపోయింది. ఒకసారి సారిపుత్రుడు భిక్షువులతో ఇంటికి వెళితే, ఆమె అన్నం పెడుతూనే అందరి ముందూ తిట్టింది. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తిని మౌనంగా వెళ్లిపోయాడు. ఇది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. తిడుతూ కూడా అన్నం పెట్టింది చూడండి, అది అమ్మ అంటే.

కన్నవాళ్ల బాధ బుద్ధుడికీ తెలిసింది. ఆయన కొడుకు రాహులుడికి దీక్ష ఇచ్చింది సారిపుత్రుడే. మనవడు కూడా వెళ్లిపోయాడని తాత శుద్ధోదనుడు ఎంతో బాధపడ్డాడు. అప్పటినుంచి అమ్మానాన్నల అనుమతి లేకుండా పిల్లలకు దీక్ష ఇవ్వకూడదని బుద్ధుడు నియమం పెట్టాడు.

చివరి రోజులు దగ్గర పడ్డాయని తెలిసినప్పుడు సారిపుత్రుడికి తల్లే గుర్తొచ్చింది. ఎంతోమందికి మంచి దారి చూపాను, అమ్మకే చూపలేదే అనుకున్నాడు. బుద్ధుడి దగ్గర సెలవు తీసుకుని, నడిచి సొంత ఊరు చేరాడు. తాను పుట్టిన గదిలోనే పడుకున్నాడు. రక్త విరేచనాలతో బాధపడుతూనే ఆ రాత్రి తల్లికి ధర్మం చెప్పాడు. ఆమె మనసు కరిగింది. ఇంత మంచి సంగతి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని కొడుకునే అడిగిందట. ఆమె రుణం తీరిందని ఆయన తృప్తి పడ్డాడు. కార్తీక పౌర్ణమి నాడు తెల్లవారుజామున కన్నుమూశాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి.

1851లో కన్నింగ్‌హామ్ అనే ఆయన మధ్యప్రదేశ్‌లోని సాంచీ స్తూపంలో సారిపుత్రుడి, మొగ్గల్లానుడి అస్థికలు కనుగొన్నాడు. అవి ఇంగ్లండుకు వెళ్లి, తిరిగి వచ్చాయి. 1952లో సాంచీలోనే కొత్త విహారం కట్టి అందులో ఉంచారు.

మిత్రులారా, మనమూ చదువు కోసం ఇల్లు వదిలి వచ్చినవాళ్లమే. ఆదివారం మన అమ్మానాన్నలు కొండ దిగి, మూట పట్టుకుని గేటు దగ్గర నిలబడతారు. పాత చీర కట్టుకుందని, మన భాషలో గట్టిగా పిలుస్తుందని కొందరు పక్కకు తప్పుకుంటారు. అలా చేయకండి. ఎదురెళ్లి మూట అందుకోండి. నేర్చుకున్నది ఇంట్లో చెప్పండి, వాళ్లకు అక్షరాలు నేర్పండి. హాస్టల్లో ఎవరికైనా జ్వరమొస్తే గ్లాసుడు నీళ్లు ఇవ్వండి. సారిపుత్రుడు చేసిందీ అంతే. కన్నతల్లిని మరవలేదు, పక్కవాణ్ణి వదల్లేదు.

— 9వ తరగతి విద్యార్థి